నెలసరి రక్తస్రావం: ఎంతవరకు మామూలు, ఎక్కడి నుంచి కాదు? (చర్చ)

శరద్రాత్రి:
నాకు 43 ఏళ్లు. ఏడాదిన్నరగా నెలసరి 22 రోజులకే వచ్చి, తొమ్మిది పది రోజుల దాకా ఉంటోంది. రెండో రోజు రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచి ప్యాడ్ మార్చుకుంటున్నాను. లేవకపోతే తెల్లారేసరికి దుప్పటి ఉతుక్కోవాల్సిందే. ముట్లు ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందని మా అమ్మ అనడంతో నేనూ ఊరుకున్నాను. ఈమధ్య రెండంతస్తుల మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే రక్తపరీక్ష చేయించుకున్నాను, హిమోగ్లోబిన్ 8.6 అని తేలింది. నిరుడు రజస్వల అయిన మా అమ్మాయికేమో ఒకసారి 26 రోజులకు, ఇంకోసారి 43 రోజులకు వస్తోంది. మా ఇద్దరిలో ఎవరి గురించి కంగారు పడాలో తెలిసినవారు చెప్పగలరా?

వార్డుదీపం:
శరద్రాత్రి గారూ, నేను స్త్రీల వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మీ అమ్మాయి గురించి ప్రస్తుతానికి నిశ్చింతగా ఉండండి. మొదటి రెండు మూడేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు; విడుదల కాని నెలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సరిగా తయారు కాదు కనుక గర్భసంచి లోపలి పొర పెరుగుతూ పోయి, ఒక పద్ధతి లేకుండా ఊడి వస్తుంది. అందుకే ఆ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలుగానే చూస్తారు. మధ్యలో 90 రోజులు దాటినా, 15 ఏళ్లు నిండినా అసలు మొదలు కాకపోయినా మాత్రం చూపించాలి. పెద్దవారిలో 24 నుంచి 38 రోజులకు రావడం, ఎనిమిది రోజుల లోపు ఆగడం మామూలు. ఈ లెక్క ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి దాని మొదటి రోజు వరకు. ఆగిన రోజు నుంచి లెక్కపెట్టి అనవసరంగా భయపడేవారిని చాలామందిని చూశాను.

మీ సంగతి వేరు. నలభైలలో అండం విడుదల మళ్లీ తడబడుతుందన్నది నిజమే గాని, "వయసు వల్ల" అనేది మిగతా కారణాలన్నీ చూసి, అవి లేవని తేలాక అనవలసిన మాట. పాలిప్ (లోపలి పొర మీద మొలిచే చిన్న కండ), ఫైబ్రాయిడ్ (గర్భసంచి గోడలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ), అడినోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండరంలోకి పాకడం), థైరాయిడ్ సమస్య, రక్తం పలచబడే మందులు, కొందరిలో క్యాన్సర్, ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. 45 దాటినవారికి సాధారణంగా లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు (దాన్నే బయాప్సీ అంటారు). అంతకన్నా చిన్నవారికైనా అధిక బరువు, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్లు తడబడే సమస్య) ఉన్నా, మందులకు తగ్గకపోయినా పంపుతారు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తెల్లకాగితం:
అమ్మాయిల విషయంలో ఒక్క మాట కలపాలి. తేదీలు అటూ ఇటూ కావడం వేరు, ధార ఆగకపోవడం వేరు. నాకు మొదటి నెలసరే పన్నెండు రోజులు ఆగలేదు. బడిలో బెంచీ మీద నుంచి లేచే ముందు వెనుక కూర్చున్న స్నేహితురాలి వైపు చూసేదాన్ని. నేను కాస్త లేవగానే ఆమె నా బట్టలు చూసి తలూపితేనే పూర్తిగా నిలబడేదాన్ని. చిగుళ్ల నుంచి రక్తం, తరచూ ముక్కు నుంచి రక్తం కారడం, పన్ను తీయించినప్పుడు రాత్రంతా ఆగకపోవడం, ఇవన్నీ ఒకే సమస్య తాలూకు ముక్కలని 19 ఏళ్లకు గాని తెలియలేదు. వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి అన్నారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్ లోపం అది, వంశంలో వస్తుంది. ఇప్పుడు నెలసరి రోజుల్లో స్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటున్నాను. నొప్పికి ఆస్పిరిన్ మాత్రం నాకు నిషిద్ధం, అది రక్తాన్ని ఇంకా గడ్డకట్టనివ్వదు.

మూడోమెట్టు:
మన భాషతో వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. "గడ్డలు పడుతున్నాయి" అని నేను డాక్టరుతో అన్నది రక్తపు గడ్డల గురించి; ఆమె "స్కానింగ్‌లో గడ్డ ఉంది" అన్నది ఫైబ్రాయిడ్ గురించి. అదే కరిగి ముక్కలుగా పడిపోతోందని నేను నెల రోజులు సంతోషించాను! రెండున్నర సెంటీమీటర్లకు మించిన రక్తపు గడ్డలు పడుతుంటే స్రావం అధికమని అర్థమట. ఫైబ్రాయిడ్‌కైతే సైజు కన్నా చోటు ముఖ్యం: గర్భసంచి లోపలికి పొడుచుకు వచ్చిన చిన్నది పెట్టే ఇబ్బంది, బయటి గోడ మీది పెద్దది పెట్టకపోవచ్చు.

వేపనీడ:
అమ్మా, నాకు 61 ఏళ్లు. ముట్లు ఆగిన ఏడేళ్లకు ఒకనాడు లోదుస్తుల మీద గులాబీ రంగు మరక కనిపించింది, నాణెమంత కూడా లేదు. మూత్రంలో మంట వల్లనేమో అనుకుని నాలుగు నెలలు గడిపాను. స్కానింగ్‌లో లోపలి పొర 11 మిల్లీమీటర్లుంది. ముట్లు ఆగినవారికి అది నాలుగుకు మించకూడదట. బయాప్సీలో తొలిదశ క్యాన్సర్ తేలి గర్భసంచి తీసేశారు, ఇప్పుడు బాగున్నాను. పన్నెండు నెలలు పూర్తిగా ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా మామూలు కాదని నాకెవరూ చెప్పలేదు.

వార్డుదీపం:
వేపనీడ గారి మాట చదివి భయపడేవారికి: ఆ వయసులో కనిపించే రక్తానికి ఎక్కువమందిలో కారణం పొర పలచబడి ఎండిపోవడమే. అయితే ఆ సంగతి పరీక్షలోనే తెలుస్తుంది, మరక రంగును బట్టి తెలియదు.

అలలపడవ:
గర్భం వచ్చే వయసులో ఉన్నవారు, మామూలుకు భిన్నంగా రక్తం కనిపిస్తే ముందు గర్భపరీక్ష చేసుకోండి. పది రోజులు ఆలస్యమై కొంచెం కొంచెంగా కనిపిస్తే నెలసరే అనుకున్నాను. పొత్తికడుపులో ఒక పక్కనే నొప్పి, ఆపైన భుజం నొప్పి మొదలైంది. పిండం గర్భసంచిలో కాక గర్భనాళంలో ఉందని, నాళం చిట్లిందని ఆపరేషన్ చేశారు.

శరద్రాత్రి:
అందరికీ కృతజ్ఞతలు. రెండు నెలలు తేదీలు, మార్చిన ప్యాడ్‌లు, గడ్డలు పడిన రోజులు ఒక పుస్తకంలో రాసి తీసుకెళ్లాను. డాక్టరు మొదట అడిగినవి అవే. స్కానింగ్‌లో అడినోమయోసిస్ అన్నారు, బయాప్సీలో దోషమేమీ లేదు. ఐరన్ మాత్రలతో పాటు గర్భసంచిలో హార్మోన్ పరికరం అమర్చారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మధ్యమధ్య చుక్కలు కనిపిస్తాయని ముందే చెప్పారు. ఇప్పుడు ఏడో వారం, చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి గాని రాత్రి అలారం తీసేశాను. పుస్తకంలో మిగిలిన పేజీలు మా అమ్మాయి తీసుకుంది.