ఏపీ నంబరు కారు బెంగళూరులో ఎన్నాళ్లు తిప్పొచ్చు? లైఫ్ ట్యాక్స్ ఎప్పుడు కట్టాలి?

అనంతపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. కారు నాన్నగారి పేరు మీద ఉంది, 2021లో కొన్నది, ఏపీ 39 నంబరు. నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, మారతహళ్లిలో ఉంటున్నాను. జూన్‌లో కారు ఇక్కడికి తెచ్చుకున్నాను. వీలైనప్పుడల్లా అందులోనే ఇంటికి వెళ్లి వస్తుంటాను. ఆఫీసులో ఒకరేమో ముప్పై రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ మొత్తం కట్టాల్సిందే, లేకపోతే బండి సీజ్ చేస్తారంటున్నారు. ఇంకొకరు ఏడాది దాకా ఎవరూ ఏమీ అనరంటున్నారు. మొన్న తనిఖీలో ఆపి, బండి ఎప్పుడు తెచ్చావని అడిగారు. కాగితాలు చూసి వదిలేశారు కానీ అప్పటినుంచి కారు తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు రూలు ఏమిటో తెలిసినవాళ్లు చెప్పగలరా? బండి నా పేరు మీద లేకపోవడం కూడా ఇబ్బందేనా?

హోసూరు రోడ్డు తెలుగు:
బ్రదర్, ఏమీ కాదు. ఇక్కడ సగం కార్లు బయటి నంబర్లే. పట్టుకున్నప్పుడు చూసుకోవచ్చు, ఇప్పటినుంచే ఎందుకు కంగారు?

మాజీ ఎంవీఐ, కర్నూలు:
మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా (ఎంవీఐ) పనిచేసినవాడిగా చెబుతున్నా, పట్టుకున్నప్పుడు చూసుకుందామనే సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి, చేతిలో రుజువు లేక అవస్థ పడేది ఈ అబ్బాయే.

బాబూ, ఇందులో రెండు వేర్వేరు చట్టాలున్నాయి. మీ ఆఫీసులో ఇద్దరూ చెరొకటి పట్టుకుని మాట్లాడుతున్నారు. మొదటిది రిజిస్ట్రేషన్. ఇది కేంద్ర చట్టం, మోటారు వాహనాల చట్టం 1988. సెక్షన్ 46 ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. సెక్షన్ 47 ప్రకారం బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు కోసం దరఖాస్తు చేసుకోవాలి. కాబట్టి నంబరు మార్చుకోవడానికి నీకు వచ్చే జూన్ దాకా గడువుంది.

రెండోది రోడ్డు ట్యాక్స్, దాన్ని ఒకేసారి కడితే లైఫ్ ట్యాక్స్ అంటారు. ఇది పూర్తిగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆ ముప్పై రోజుల మాట అక్కడినుంచి వచ్చిందే. కర్ణాటక 2014లో తన పన్ను చట్టాన్ని సవరించి, బయటి రాష్ట్రం బండి 30 రోజులు దాటి ఉంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలని పెట్టింది. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. పాత మాట మాత్రం జనం నోళ్లలో ఉండిపోయింది. తనిఖీలో ఆపినప్పుడు ఇప్పటికీ కొందరు ఆ ముప్పై రోజుల పేరు చెబుతుంటారు.

అందువల్ల ట్యాక్స్ విషయంలోనూ చూడాల్సింది ఆ 12 నెలలే కాబట్టి, ఎవరు ఆపినా ముందు తేలాల్సింది బండి ఈ రాష్ట్రంలోకి ఎప్పుడు వచ్చింది, తిరిగి ఎప్పుడెప్పుడు వెళ్లింది అన్నదే. నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు, కాగితం ఉండాలి. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తావు కదా, బాగేపల్లి దగ్గర టోల్ ఉంటుంది. నీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో తేదీ, సమయం, ప్లాజా పేరు అన్నీ ఉంటాయి. జూన్ నుంచి ఇప్పటిదాకా ఉన్న స్టేట్‌మెంట్ బ్యాంకు సైట్ నుంచి పీడీఎఫ్‌గా దింపుకుని ఫోన్‌లో ఒకటి, డాష్‌బోర్డులో ప్రింటు ఒకటి పెట్టుకో. ఇంటికి వెళ్లినప్పుడు అనంతపురంలో సర్వీసింగ్ చేయిస్తే ఆ బిల్లు కూడా దాచు. నువ్వు నిజంగా వస్తూ పోతూ ఉన్నావని చూపించడానికి ఇంతకన్నా మంచి రుజువు లేదు.

అనంతపురం అబ్బాయి:
చాలా థ్యాంక్స్ సార్, ఇప్పుడు అర్థమైంది. ఆర్సీ ఒరిజినల్ నాన్నగారి దగ్గరే ఉంది. నా దగ్గర డిజిలాకర్‌లో ఉన్నది చాలా?

మాజీ ఎంవీఐ, కర్నూలు:
చాలు. 2018 నవంబరులో కేంద్ర నియమాల్లో 139వ నియమాన్ని మార్చి, కాగితాలు ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా ఒప్పుకోవాలని చేర్చారు. డిజిలాకర్, కేంద్ర రవాణా శాఖ యాప్ ఎం పరివాహన్ రెండూ చెల్లుతాయి. ఫోన్‌లో తీసిన ఫోటో, వాట్సాప్‌లో వచ్చిన జిరాక్సు మాత్రం వాటితో సమానం కాదు. మీ నాన్నగారి ఎం పరివాహన్ నుంచి ఆర్సీని నీ ఫోన్‌కి షేర్ చేయించుకోవచ్చు.

వేరేవాళ్ల పేరు మీదున్న ప్రైవేటు బండి నడపడం తప్పు కాదు. యజమాని ఒప్పుకోలు ఉండాలి, నీకు లైసెన్సు ఉండాలి, బండికి ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. లైసెన్సు కూడా దేశమంతా చెల్లుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ అనంతపురంలో తీసుకున్నదైనా ఇక్కడ పనికొస్తుంది, గడువు మాత్రం చూసుకో.

మారతహళ్లి అక్క:
తమ్ముడూ, నేనూ ఏపీ బండితోనే వచ్చాను కాబట్టి ఒక మాట. చలానా పడితే మెసేజ్ ఆర్సీలో ఉన్న ఫోన్ నంబరుకి వెళ్తుంది. అంటే అనంతపురంలో నాన్నగారికి. పెద్దవాళ్లు ఆ మెసేజ్‌లు చూడరు, చూసినా ఏదో ప్రకటన అనుకుంటారు. అవి అలా పేరుకుపోతే రేపు నంబరు మార్చుకోవడానికి ఆర్టీవోలో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగినప్పుడు అక్కడే ఆగిపోతుంది. పరివాహన్ సైట్‌లో బండికి నీ ఫోన్ నంబరు అప్‌డేట్ చేయించు. నెలకోసారి పరివాహన్ ఈ చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూడు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల సైట్‌లో కూడా చూడాలి.

ఇంకోటి. "మీ బండికి చలానా పడింది, ఈ ఫైల్ తెరవండి" అని వాట్సాప్‌లో ఏపీకే (APK, యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే) ఫైల్ వస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పు. అది మోసం. ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్ వాళ్ల చేతుల్లోకి పోతుంది, బ్యాంకు ఓటీపీలు కూడా చదివేస్తారు.

గుంటూరు నుంచి:
ఫైన్లు రాష్ట్రానికో రకంగా ఎందుకు ఉంటాయండీ? హెల్మెట్‌కి వెయ్యి అన్నారు, బెంగళూరులో మా తమ్ముడికి 500 వేశారు.

మాజీ ఎంవీఐ, కర్నూలు:
2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్ర చట్టంలో జరిమానాలు పెరిగాయి. హెల్మెట్, సీటు బెల్టు 1000 చొప్పున, లైసెన్సు లేకపోతే 5000, ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2000. అయితే కోర్టుకు పోకుండా అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం ఎంతో నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఉంది. కర్ణాటక ఆ నెలలోనే హెల్మెట్ జరిమానాను 500కి తగ్గించింది. నువ్వు ఏ రాష్ట్రంలో నడుపుతుంటే ఆ రాష్ట్రం రేటే నీకు వర్తిస్తుంది. బండి నంబరుతో సంబంధం లేదు.

మన ఊళ్లో అలవాటు లేక బయట చిక్కుకునేవి రెండున్నాయి. ఒకటి వెనక కూర్చున్నవాళ్ల హెల్మెట్. చట్టంలో అది అందరికీ తప్పనిసరే, బెంగళూరు కెమెరాలు దాన్నీ పట్టేస్తాయి. రెండోది అద్దాల మీద నల్ల ఫిల్మ్. ఎంత పలచగా ఉన్నా సరే, 2012లో సుప్రీంకోర్టు అద్దం మీద విడిగా అంటించే ఫిల్మ్ ఏదీ వద్దంది. ఊళ్లో ఎవరూ అడగలేదు కదా అని అదే బండితో సరిహద్దు దాటకండి.

హైదరాబాద్ పాత బండి:
మాది ఏపీ 28 నంబరు, పుట్టినప్పటినుంచీ హైదరాబాద్‌లోనే ఉన్నాం. ఇది కూడా బయటి రాష్ట్రం బండి కిందికే వస్తుందా? మా కాలనీలో ఒకాయన నంబరు మార్చుకోవాలని భయపెడుతున్నాడు.

మాజీ ఎంవీఐ, కర్నూలు:
రాదండీ. 28 రంగారెడ్డి జిల్లా పాత కోడు. 2014 జూన్ 2కి ముందు తెలంగాణ జిల్లాల్లో రిజిస్టరైన బండి తెలంగాణ బండే, పలక మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన బయటిది అయిపోదు. దాని రికార్డూ, ట్యాక్సూ అక్కడే ఉన్నాయి. తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, అవి కొత్త బండ్లకు. ఇప్పుడు గుంటూరు నుంచో ఒంగోలు నుంచో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన ఏపీ 39 బండి సంగతి వేరు. దానికి పైన చెప్పిన 12 నెలల నియమం మామూలుగానే వర్తిస్తుంది.

అనంతపురం అబ్బాయి:
సార్, నేను ఇక్కడే రెండు మూడేళ్లు ఉండేలా ఉన్నాను. అలాగైతే నంబరు మార్చుకోవడమే మంచిదా? ఖర్చు ఎంతవుతుంది?

మాజీ ఎంవీఐ, కర్నూలు:
ఏడాది పైన ఉండేది ఖాయమైతే మార్చుకో. ఆలస్యం చేసినకొద్దీ తలనొప్పి పెరుగుతుంది. మొదట అనంతపురం ఆర్టీవోలో ఫారం 28తో ఎన్‌వోసీ తీసుకోవాలి. దానికి చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి, చలానాలన్నీ కట్టి ఉండాలి, లోను ఉంటే బ్యాంకు నుంచి ఒప్పుకోలు ఉండాలి. ఇక్కడ ఫారం 27తో దరఖాస్తు చేసుకుని, బండి చూపించి, ట్యాక్స్ కట్టాలి.

కర్ణాటకలో కొత్త కారుకి ధరను బట్టి 13 శాతం నుంచి 18 శాతం దాకా ట్యాక్స్ ఉంటుంది, పైన సెస్సు. నీది పాత బండి కాబట్టి వయసును బట్టి తగ్గించి లెక్క కడతారు. లెక్కకు తీసుకునేది కొన్ననాటి ఇన్‌వాయిస్ ధర. ఆ కాగితం పోగొట్టుకోకుండా చూసుకో, చాలామంది అక్కడే ఇబ్బంది పడతారు.

జనం వదిలేసుకునే డబ్బు ఒకటుంది, అది చూస్తే నాకు బాధ. ఏపీలో పదిహేనేళ్లకు సరిపడా లైఫ్ ట్యాక్స్ కట్టేశారు కదా, బండి వేరే రాష్ట్రానికి మారితే మిగిలిన కాలానికి కొంత మొత్తం వెనక్కి అడగొచ్చు. ఇక్కడ కొత్త నంబరు వచ్చాక ఆ ఆర్సీ, ఇక్కడ కట్టిన ట్యాక్స్ రసీదు, బ్యాంకు వివరాలు పెట్టి అనంతపురం ఆర్టీవోకి రిఫండ్ దరఖాస్తు ఇవ్వాలి. ఎవరో తెచ్చి ఇవ్వరు, మనమే వెంటపడి అడగాలి. రెండు రాష్ట్రాల తిరుగుడుకి విసిగిపోయి చాలామంది దీన్ని వదిలేస్తారు. నువ్వు వదలొద్దు.

ఒక మెలిక ఉంది. ఆర్సీ నాన్నగారి పేరు మీద ఉన్నంతకాలం ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి ఆయన పేరు మీదే బెంగళూరు చిరునామా రుజువు అడుగుతారు. ఆయన అనంతపురంలో ఉంటారు కాబట్టి అది కుదరకపోవచ్చు. అలాంటప్పుడు ఎన్‌వోసీతోపాటు ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు తీసుకుని, యాజమాన్యం నీ పేరుకి మార్పించుకుంటూ నంబరు మార్పించుకోవడం తేలిక.

మారతహళ్లి అక్క:
మీ కంపెనీకి నాలుగు, అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులుంటే బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చుకోనక్కర్లేని భారత్ నంబరు) సంగతి కూడా అడుగు తమ్ముడూ. 2021 సెప్టెంబరులో మొదలైంది. ట్యాక్స్ ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కడతారు. పది లక్షల లోపు బండికి 8 శాతం లెక్క, డీజిల్‌కి 2 శాతం ఎక్కువ. నువ్వు అక్కడ పనిచేస్తున్నావని కంపెనీ ఫారం 60 ఇవ్వాలి. 2022 డిసెంబరులో పాత బండ్లను కూడా ఇందులోకి మార్చుకునే వీలు పెట్టారు. కానీ బండి ఉద్యోగి పేరు మీదే ఉండాలి. అన్ని రాష్ట్రాలూ దీన్ని ఒకేలా అమలు చేయవు, అందుకే దీని మీద ఆశ పెట్టుకునే ముందు ఆర్టీవోలో కనుక్కో.

తిరుపతి ట్యాక్సీ:
అన్నా, ఇదంతా తెల్లబోర్డుకి, అంటే సొంతానికి వాడుకునే బండికి. కిరాయికి తిప్పే పసుపు బోర్డు బండి సరిహద్దు దాటిందంటే మొదటి రోజు నుంచే పర్మిట్టూ ట్యాక్సూ కావాలి. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే సరి, లేదంటే తాత్కాలిక పర్మిట్ తీసుకుని పక్క రాష్ట్రం ట్యాక్స్ ఆన్‌లైన్‌లో కట్టి రసీదు పెట్టుకోవాలి. మేము తిరుపతి నుంచి చెన్నై ట్రిప్పులకు అదే చేస్తాం. పెళ్లికో, ఆసుపత్రికో అని తెల్లబోర్డు కారుని కిరాయికి మాట్లాడుకుని వేరే రాష్ట్రం వెళ్లకండి. దొరికితే పర్మిట్ లేనందుకు 10,000 జరిమానా, పైగా ప్రమాదం జరిగితే కారు డ్యామేజీ క్లెయిమ్ ఇన్సూరెన్సు వాళ్లు తిప్పికొడతారు. డబ్బులు తగ్గుతాయని ఆశపడి ఇంటిల్లిపాదినీ ఆ బండిలో ఎక్కించొద్దు.

నెల్లూరు వాసి:
మా అమ్మానాన్నలతో సొంత కారులో రెండు వారాలు చెన్నై, ఊటీ వెళ్తున్నాం. మాకేమైనా కావాలా?

మాజీ ఎంవీఐ, కర్నూలు:
సొంత తెల్లబోర్డు కారులో యాత్రకి పోయి వచ్చేవాళ్లకి ట్యాక్స్ ఏమీ లేదు. ఊటీకి మాత్రం ఈ పాస్ కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికీ, కొడైకెనాల్‌కీ పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ సైట్‌లో బండి నంబరు, తేదీలు, ఎంతమంది వస్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు అన్నవి నింపాలి. కొండ కింద సిగ్నల్ దొరక్క అవస్థ పడకుండా ఇంటి దగ్గరే తీసుకోండి. ఒక్కసారి వాడి పారేసే నీళ్ల సీసాలు నీలగిరి జిల్లాలోకి తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసాలు పెట్టుకోండి.

అనంతపురం అబ్బాయి:
సార్, చివరిగా ఒకటి. ఈలోగా ఎవరైనా ఆపి ఇప్పుడే ట్యాక్స్ కట్టమంటే ఏం చేయాలి?

మాజీ ఎంవీఐ, కర్నూలు:
గొంతు పెంచొద్దు. ట్యాక్స్ లెక్క తేల్చేది రవాణా శాఖ. ట్రాఫిక్ పోలీసులు లైసెన్సు, ఇన్సూరెన్సు, సిగ్నల్ జంప్ లాంటివి చూస్తారు. రవాణా శాఖ అధికారే ఆపితే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, అనంతపురం ట్యాక్స్ రసీదు చూపించి, జూన్‌లో వచ్చాను, వస్తూ పోతూ ఉన్నాను, 12 నెలలు కాలేదు అని చెప్పు. అయినా ఒప్పుకోకపోతే, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో చెక్ రిపోర్టులో (తనిఖీ చేసిన అధికారి రాసిచ్చే కాగితంలో) రాసి ఇవ్వమని మర్యాదగా అడుగు. రాసిచ్చిన కాగితం ఉంటే ఆర్టీవో ఆఫీసులో పై అధికారి ముందు వాదించుకోవచ్చు. రసీదు లేకుండా మాత్రం చేతికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

నంబరు మారిన రోజే ఇన్సూరెన్సు కంపెనీకి కొత్త నంబరు రాసి పంపి పాలసీలో మార్పించు. ఫాస్టాగ్ బ్యాంకులో కూడా మార్పించు. పాలసీలో పాత నంబరుంటే క్లెయిమ్ సమయంలో రోజులకు రోజులు తిప్పుతారు.