సొంత కారు లేదు, ఆటో పాలసీ లేదు: అద్దె కారుకు లయబిలిటీ ఎక్కడి నుంచి వస్తుంది?

పాదచారి:
శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్నాను. కారు కొనలేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఆఫీసుకు బార్ట్ రైలు చాలు. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు, వాళ్లను యోసెమిటీ తీసుకువెళ్లాలి. ఎయిర్‌పోర్టులో కారు బుక్ చేయబోతే ఎల్‌డీడబ్ల్యూ (అద్దె కారుకు జరిగే నష్టానికి), ఎస్‌ఎల్‌ఐ (ఇతరులకు జరిగే నష్టానికి అదనపు లయబిలిటీ), పీఏఐ (కారులో ఉన్నవారి గాయాలకు), పీఈసీ (సామానుకు) అని నాలుగు గడులు వచ్చాయి. అన్నింటికీ సరేనంటే బీమా ఖర్చు కారు అద్దెను మించిపోతోంది.

నా క్రెడిట్ కార్డులో అద్దె కారుకు ప్రైమరీ కవరేజీ ఉంది. ‘కార్డు ఉంటే ఏమీ అక్కర్లేదు, అన్నీ వద్దను’ అంటాడు మా స్నేహితుడు. ఆయనకు సొంత కారు, సొంత పాలసీ ఉన్నాయి, నాకు లేవు. అక్కడే నా అనుమానం. పైగా బుకింగ్ సైటు రోజుకు కొద్ది డాలర్లకే ‘ఫుల్ ప్రొటెక్షన్’ ఇస్తానంటోంది. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి? నాన్నగారు కూడా కాసేపు నడుపుతానంటున్నారు. అమ్మ ససేమిరా అంటోంది, అది వేరే సంగతి.

రసీదులరాయుడు:
మీ అనుమానం సరైనది. స్నేహితుడి సలహా ఆయనకు సరిపోతుంది, మీకు సరిపోదు. సొంత ఆటో పాలసీలోని లయబిలిటీ, అంటే మన వల్ల ఇతరులకు జరిగిన గాయాలకు, ఆస్తి నష్టానికి చెల్లించే బీమా, సాధారణంగా అద్దె కారుకూ వర్తిస్తుంది. ఆయన అన్నీ వద్దన్నా ఆ గొడుగు ఆయన నెత్తిన ఉంటుంది, అందుకే అది ఉన్నట్టే ఆయనకు తెలియదు.

క్లెయిముల విభాగంలో పనిచేసిన మనిషిని కాబట్టి కాస్త విసుగ్గానే చెబుతాను: కార్డు కాపాడేది మీ చేతిలో ఉన్న కారును. మీరు గుద్దిన కారును కాదు, అందులోని మనిషిని అసలే కాదు. ‘ప్రైమరీ’ అన్న మాట చూసి చాలామంది అంతా అందులోనే ఉందనుకుంటారు. కారు దెబ్బతింటే మరో పాలసీని అడగకుండా ముందు కార్డే చెల్లిస్తుందని మాత్రమే దాని అర్థం. మీ కార్డు పత్రం తెరిచి మినహాయింపుల పేజీ చూడండి, ఇతరుల గాయాలు, ఇతరుల ఆస్తి నష్టం అక్కడే కనిపిస్తాయి. సైటు వాళ్ల ‘ఫుల్ ప్రొటెక్షన్’ కూడా చాలావరకు ఇదే సరుకు. కార్డు ఉన్నప్పుడు అదే వస్తువును రెండోసారి కొన్నట్టు.

కారు వాళ్లదే కదా, వాళ్ల బీమా ఉండదా అని అడుగుతారు. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాల్లో యజమాని అన్న ఒక్క కారణంతో అద్దె కంపెనీని కోర్టుకు లాగగలిగేవారు. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే ఫెడరల్ చట్టం ఆ దారి మూసేసింది. కంపెనీ సొంత నిర్లక్ష్యం ఉంటే తప్ప భారం నడిపినవారిదే. కొన్ని రాష్ట్రాల్లో అద్దె ఒప్పందంలోనే చట్టం కోరిన కనీస లయబిలిటీ ఉంటుంది. కాలిఫోర్నియాలో మాత్రం, ఎస్‌ఎల్‌ఐ కొనకపోతే తమవైపు నుంచి లయబిలిటీ ఏదీ లేదని కొన్ని కంపెనీలు ఒప్పందంలోనే రాసుకుంటాయి. సంతకం పెట్టే ముందు ఆ పేరా వెతకండి.

కనీసం ఉన్నా ఎంత? కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడ్డవారందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అంతకుముందు 15,000, 30,000, 5,000 ఉండేది. పెంచిన తరువాత కూడా ఇది చిన్న మొత్తమే. కాలు విరిగి శస్త్రచికిత్స జరిగితే 30,000 ఆసుపత్రి గుమ్మం దగ్గరే అయిపోతుంది. మిగతాదానికి మీ జీతం, మీ పొదుపు మీదికి వస్తారు.

కాబట్టి ఎస్‌ఎల్‌ఐ తీసుకోండి, ఎల్‌డీడబ్ల్యూ వదలండి. మొత్తం అద్దె ఆ కార్డుతోనే కట్టాలి, ఎల్‌డీడబ్ల్యూను స్పష్టంగా వద్దనాలి. లేకపోతే కార్డు కవరేజీ చెల్లదు. పీఈసీ మీ సామానుకు, అది వదిలేయవచ్చు.

టోల్‌గేటు:
ఏడాదిలో తరచుగా అద్దెకు తీసుకుంటే నాన్-ఓనర్ పాలసీ అడగండి. కారు లేనివారికి ఇచ్చే లయబిలిటీ పాలసీ ఇది. అద్దె కారుకు జరిగే నష్టం దీనిలో రాదు, దానికి మీ కార్డు ఉంది. ఇంట్లో ఇంకెవరికైనా కారు ఉంటే సాధారణంగా ఇవ్వరు. నేను తీసుకున్నది వేరే కారణానికి: బీమా లేకుండా ఖాళీగా గడిపిన కాలం చూపించి, తరువాత కారు కొన్నప్పుడు ప్రీమియం పెంచుతారు. ఈ పాలసీ ఉంటే ఆ ఖాళీ ఉండదు. ఒక్క యోసెమిటీ కోసమైతే మాత్రం ఎస్‌ఎల్‌ఐ చాలు.

శారద_ఫ్రీమాంట్:
మీ అమ్మగారి పక్షాన ఒక మాట. పర్యాటకులు చెల్లుబాటయ్యే భారతీయ లైసెన్సుతో కాలిఫోర్నియాలో నడపవచ్చు. అయితే నాన్నగారు మీతో కౌంటరు దగ్గరికి వచ్చి, లైసెన్సు చూపించి, అదనపు డ్రైవరుగా పేరు రాయించుకోవాలి. పేరు లేని మనిషి చేతిలో ప్రమాదం జరిగితే ఎస్‌ఎల్‌ఐ, కార్డు రెండూ చేతులెత్తేస్తాయి. పార్కింగులో పది అడుగులు వెనక్కి తీసినా అంతే.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. చాలా ఎస్‌ఎల్‌ఐ పాలసీలు అద్దెకు తీసుకున్నవారి కుటుంబ సభ్యుల గాయాలను మినహాయిస్తాయి. మీకు ఉద్యోగం ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంటుంది. వెనుక సీటులో కూర్చున్న అమ్మానాన్నల మాట ఏమిటి? వాళ్ల విజిటర్ ఇన్సూరెన్సు రోడ్డు ప్రమాదాలకు ఎంతవరకు ఇస్తుందో ఇప్పుడే చదవండి. అది బలహీనంగా ఉంటే పీఏఐ గురించి ఆలోచించవచ్చు, దాని పరిమితులు చిన్నవే అయినా.

పాదచారి:
శారద గారూ, ఆ కోణం నాకు తట్టనే లేదు. విజిటర్ పాలసీ తీసి చూస్తున్నాను. రాయుడు గారూ, ఎస్‌ఎల్‌ఐ పరిమితి ఒక చోట 3 లక్షల డాలర్లు, ఇంకో చోట 10 లక్షలు అని ఉంది. రోజు ధరలో తేడా కొద్దిగానే.

రసీదులరాయుడు:
10 లక్షలది తీసుకోండి. కౌంటరులో ట్యాబ్లెట్ మీ వైపు తిప్పి ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు చూపిస్తారు. తొందరపడకండి. ఎస్‌ఎల్‌ఐ ఎదురుగా ‘అంగీకరించాను’, ఎల్‌డీడబ్ల్యూ ఎదురుగా ‘నిరాకరించాను’ అని ఉందో లేదో చూసి అప్పుడే సంతకం పెట్టండి. ‘ఫుల్ కవరేజీ పెట్టేశాను సార్’ అంటే ఏవేవి పెట్టారో ఒక్కొక్కటీ పేరుతో చెప్పించుకోండి. బీమా లేని వాహనం మిమ్మల్ని గుద్దితే ఏమిటన్నది కూడా అదే పత్రంలో వేరే పేరాలో ఉంటుంది, అదీ చదవండి.