అప్‌డేట్: మధ్యగత కాలం బదులు ‘ఎన్ఏ’ ఎందుకు వచ్చిందో తెలిసింది

మహబూబ్‌నగర్ పల్లెల నుంచి ముంబయి, పుణె వెళ్లిన వలస కూలీలు ఎన్నాళ్లకు ఊరికి తిరిగి వస్తున్నారో లెక్కగడుతుంటే, ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో కాప్లాన్-మేయర్ పద్ధతి (ఇంకా తిరిగి రానివారి వాటా కాలంతో ఎలా తగ్గుతుందో గీతగా చూపేది) మధ్యగత కాలం, అంటే సగం మంది తిరిగి రావడానికి పట్టిన కాలం చూపాల్సిన చోట ‘ఎన్ఏ’ (విలువ లేదు) అని చూపుతోందని, ఎందుకని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వైద్య గణాంకాలు బోధించే ఒక ప్రొఫెసర్ రేఖాచిత్రం చూడగానే చెప్పేశారు: గీత 0.5 దాకా, అంటే సగం వాటా దాకా, దిగనే లేదు. అంటే పరిశీలన ముగిసేనాటికి సగం మంది కూడా తిరిగి రాలేదు. ఇక మధ్యగతం ఎక్కడి నుంచి వస్తుంది? కేన్సర్ మందుల పరీక్షల్లో ఇది మామూలేనట, ‘మధ్యగతం చేరలేదు’ అని రాస్తారట. మీలో ఒకరు సూచించిన పరిమిత సగటు కాలమే చివరికి పనికొచ్చింది. అయిదేళ్ల గడువు పెట్టుకుని, అప్పటివరకు గీత కింద ఉన్న వైశాల్యాన్ని, అంటే ఆ అయిదేళ్లలో సగటున తిరిగి రాకుండా గడిపిన కాలాన్ని, తీసుకున్నాను. పాతిక శాతం మంది తిరిగి రావడానికి పట్టిన కాలాన్నీ పక్కన ఇచ్చాను.

తిరిగి రానివారిని పట్టిక నుంచి తీసేయమన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. మధ్యగతం వస్తుంది, కానీ అబద్ధమై వస్తుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనీ, ఊర్ల పేర్లు తెలుగులో ఉండడమే కారణమనీ వచ్చిన సూచనలకు ఈ సమస్యతో సంబంధమే లేదు. ఏయే అంశాలు తిరిగి రావడాన్ని త్వరపరుస్తాయో, ఆలస్యం చేస్తాయో చూసే కాక్స్ నమూనాకు మధ్యగతం అక్కర్లేదు కనుక అది మొదటి నుంచీ సరిగానే నడిచింది.

వలసలో ఉండగానే మరణించిన వారిని ‘ఇంకా రానివారి’తో కలపకుండా, పోటీ ఘటనగా (తిరిగి రావడాన్ని ఇక జరగనివ్వని వేరే ఘటనగా) వేరుచేయాలని కూడా ఆ ప్రొఫెసర్ చెప్పారు. ప్రస్తుతం ఆ పనిలో ఉన్నాను.