గ్లాంజ్‌మన్ ఉన్న ఆరేళ్ల పాపకు పాల పళ్లు తీయాలి: కౌంట్ బాగుంటే చాలా?

ప్రశ్న:
పాప బరువు 20 కిలోలు. గ్లాంజ్‌మన్ థ్రాంబాస్తీనియా (ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయక రక్తం త్వరగా ఆగని, పుట్టుకతో వచ్చే జబ్బు) అని తేలింది. కింద కుడివైపు పాల దవడ పళ్లు రెండూ పుచ్చి చీము పట్టాయి, తీయక తప్పదు. ప్లేట్‌లెట్ కౌంట్ 2.6 లక్షలు. ట్రానెక్సామిక్ యాసిడ్ (గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే మందు) ఒక్కటే సరిపోతుందా, ముందే ప్లేట్‌లెట్లు ఎక్కించాలా? నరం బ్లాక్ (దవడ నరం దగ్గర లోతుగా ఇచ్చే మత్తు సూది) ఇవ్వొచ్చా?

జవాబు 1:
కౌంట్ చూసి ధైర్యపడకండి. 50,000 దాటితే పన్ను తీయొచ్చన్న లెక్క ఐటీపీ (ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) లాంటి, సంఖ్య తగ్గే జబ్బులకు. ఇక్కడ సంఖ్యకు లోటు లేదు. జీపీ 2బీ/3ఏ గ్రాహకం లేకనో పనిచేయకనో ప్లేట్‌లెట్లు ఫైబ్రినోజెన్‌ను (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) పట్టుకోలేవు, ఒకదానికొకటి అతుక్కోవు.

ముందుజాగ్రత్త పేరుతో ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆ గ్రాహకం మీద యాంటీబాడీలు పుట్టొచ్చు. రేపు ప్రాణం మీదికొచ్చిన రోజు ఎక్కించినవి పనిచేయవు. ఆడపిల్ల కనుక ఇంకో మెలిక: పెద్దయ్యాక ఆ యాంటీబాడీలు కడుపులో బిడ్డ ప్లేట్‌లెట్లనూ దెబ్బతీయగలవు. హిమటాలజిస్టుతో (రక్త జబ్బుల డాక్టరు) మాట్లాడి రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 7ఏ (ల్యాబ్‌లో తయారైన, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) సిద్ధం చేసుకోండి: కిలోకు 90 మైక్రోగ్రాములు, అంటే 1.8 మిల్లీగ్రాములు, పని మొదలెట్టే ముందు. ఆగకపోతే రెండేసి గంటలకు మళ్లీ. క్లినిక్‌లో కాదు, ఆసుపత్రిలోనే.

జవాబు 2:
బ్లాక్ వద్దు. సూది తగిలి లోపల కారే రక్తం గొంతు పక్కకు దిగితే నొక్కే వీలుండదు, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. ఆర్టికెయిన్ (మొద్దుబార్చే మందు) 4 శాతం, అడ్రినలిన్‌తో, చిగురు పక్కన ఇన్‌ఫిల్ట్రేషన్ (పన్ను దగ్గరే పైపైన ఇచ్చే సూది) చాలు. చీమున్న చోట అది సరిగా పట్టకపోవచ్చు. పూర్తి మత్తులో చేస్తే ట్యూబు నోటి గుండానే, ముక్కు గుండా వద్దు.

వాచిన కణజాలం వదిలితే అదే కారుతూ ఉంటుంది, తీసేయండి. కానీ అడుగున శాశ్వత పన్ను మొగ్గ ఉంది, క్యూరెట్‌తో (గీకే చెంచాలాంటి పరికరం) లోతుగా గీకొద్దు. గుంతలో ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ (రక్తం ఆపే, దానంతటదే కరిగే గుడ్డలాంటిది), పైన కరిగిపోయే కుట్టు. సిల్క్ వేస్తే కుట్టు విప్పే రోజు మళ్లీ రక్తం.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్. రక్తస్రావం తగ్గించడానికి వాడే డెస్మోప్రెసిన్ ఇవ్వొచ్చా?

జవాబు 1:
గ్లాంజ్‌మన్‌లో దాన్ని నమ్ముకోలేం. పైగా చిన్నపిల్లల్లో సోడియం పడిపోయే భయం.

జవాబు 3:
ట్రానెక్సామిక్ నోటి ద్వారా కిలోకు 15–25 మిల్లీగ్రాములు, అంటే 300–500, రోజుకు మూడుసార్లు. ముందు రోజే కాకపోయినా కనీసం రెండు గంటల ముందు మొదలుపెట్టి వారం వరకు. మూత్రంలో రక్తం ఉంటే ఇవ్వొద్దు. ఆరేళ్ల పిల్ల పుక్కిలించలేకపోతే 500 మాత్ర నూరి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి గాజుగుడ్డ తడిపి 20 నిమిషాలు నొక్కించండి. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, ఐబుప్రోఫెన్ దగ్గరికి రానివ్వొద్దు.

ఇంటికి పంపేటప్పుడు ఇదీ చెప్పండి: కాలేయం ముక్కలా మెత్తగా ఉబ్బి వేలాడే గడ్డ కనిపిస్తే రక్తం ఆగినట్టు కాదు, కిందనుంచి కారుతూనే ఉందని. వెంటనే తీసుకురమ్మనండి, ఆ గడ్డ తుడిచేసి మళ్లీ నొక్కాలి.