ఇటలీ కొండ ఊళ్ళకు జంటగా వెళ్తే కారు కావాలా, వద్దా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన అక్టోబరులో నేనూ మావారూ తొమ్మిది రోజులు ఇటలీ తిరిగొచ్చాం. పెళ్ళయిన పదకొండేళ్ళకు పిల్లల్ని అమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే వెళ్ళిన మొదటి ప్రయాణం అది. ఫ్లోరెన్స్‌లో కారు అద్దెకు తీసుకుని సాన్ జిమిన్యానో, వోల్తెర్రా, సియెనా, పియెన్జా, మోంతెపుల్చానో, అస్సీసి, ఓర్వియెతో చూశాం. అన్నీ కొండల మీద కట్టిన పాత ఊళ్ళే. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: జంటగా వెళ్తుంటే కారు వద్దు. మావారు దీనికి ఒప్పుకోరు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

తిరిగొచ్చాక ఒకరోజు ఫొటోలు చూస్తున్నాం. పియెన్జా దగ్గర పంట కోసేసిన మెట్టలు, వాటి మధ్య మెలికలు తిరిగిన మట్టిదారి, దారి పొడుగునా సన్నగా నిటారుగా సైప్రస్ చెట్లు. "ఇదెక్కడ తీశావ్?" అన్నారు. ఆ దారిలో కారు నడిపింది ఆయనే. ఎడమ పక్క స్టీరింగు, కుడి చేత్తో గేర్లు, రోడ్డుకు కుడివైపు నడపడం, వెనకాల తరుముకొచ్చే బండ్లు. ఆయన చూసింది తారురోడ్డు, నేను చూసింది మ్యాపు, మధ్యమధ్యలో కిటికీ. కలిసి వెళ్ళాం కానీ కలిసి చూసింది తక్కువ.

సియెనాలో ఇంకోటి జరిగింది. ఫోన్ మ్యాపు హోటల్ నాలుగు వందల మీటర్లే అంది. కోటగుమ్మం దగ్గర ఎర్ర అంచు ఉన్న తెల్ల గుండ్రటి బోర్డు, దాని కింద వెలుగుతున్న ఇటాలియన్ అక్షరాలు. చదివి అర్థం చేసుకునేలోపు వెనక హారన్ కొట్టారు, లోపలికి పోనిచ్చాం. ఎవరూ ఆపలేదు. నాలుగు నెలల తర్వాత కారు అద్దెకిచ్చిన సంస్థ మా కార్డు నుంచి కొంత కోసుకుంది. మా వివరాలు అధికారులకు ఇచ్చినందుకట. ఆ తర్వాత అసలు ఫైన్లు వచ్చాయి, ఒకటి కాదు, రెండు. వెళ్ళేటప్పుడు ఒక కెమెరా, దారి తప్పి తిరిగినప్పుడు ఇంకో కెమెరా.

డబ్బు పోయిందని కాదు నా బాధ. ఆ సాయంత్రం హోటల్ వెతుక్కోవడంలో ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. సియెనా నడిబొడ్డున కాంపో అనే కూడలి ఉంది. గవ్వలా ఒకవైపుకు వాలి ఉండే ఇటుక నేల, జనమంతా దాని మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. మేమూ కూర్చున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

ఏడు ఊళ్ళకు బదులు మూడు చాలు, వాటికి రైలు చాలు అంటాను. మీరేమంటారు?

గోదారిగట్టు

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ తప్పు కారుది కాదు, తొమ్మిది రోజుల్లో ఏడు ఊళ్ళు పెట్టుకోవడానిది. రైల్లో ఏడు ఊళ్ళు తిరిగినా సూట్‌కేసులు మెట్లెక్కించడంలోనే దెబ్బలాడుకునేవారు.

కారు లేకుండా పితిల్యానో ఎలా చూస్తారో చెప్పండి. ఆ ఊరికి రైలు లేదు. మేం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. ఊరు రావడానికి ముందు ఒక మలుపు ఉంది, చర్చి పక్కన కారు ఆపి దిగితే ఎదురుగా ఊరంతా కనిపిస్తుంది. అగ్నిపర్వతపు మెత్తరాతి గుట్ట, దాని అంచునే ఇళ్ళు. గుట్ట ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలీదు, రెండూ ఒకే తేనెరంగు రాయి. కింద రాతిలో తొలిచిన గుహలు, ఇప్పటికీ వాటిలో వైన్ పీపాలు, పాత సామాన్లు పెట్టుకుంటారు. 16వ శతాబ్దంలో వేరే చోట్ల నుంచి వెళ్ళగొట్టిన యూదులు వచ్చి స్థిరపడ్డారు, అందుకే దాన్ని చిన్న జెరూసలేం అంటారు. వాళ్ళ ప్రార్థనామందిరం ఇప్పటికీ ఉంది. అక్కణ్ణించి సొవానా, సొరానో చాలా దగ్గర. రోమన్లకు ముందు అక్కడ ఉన్న ఎట్రుస్కన్లు అనే జనం రాతిని నిలువునా కోసి వేసిన దారులున్నాయి, రెండు పక్కలా మనిషికి ఎన్నో రెట్ల ఎత్తు గోడలు. ఒక గంట అందులో నడిచాం, ఇంకో మనిషి ఎదురు కాలేదు.

ఇక డ్రైవరు ఏమీ చూడడన్న మాట. మేమిద్దరం మార్చుకుంటూ నడిపాం. రెండో డ్రైవరుకు రోజుకు కొంత ఎక్కువ కట్టించుకున్నారు, కట్టాం. అక్కా, మీరూ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని ఉంటే ఆ సైప్రస్ చెట్లు బావగారూ చూసేవారు కదా?

నెకర్ ఒడ్డున

స్టట్‌గార్ట్‌లో ఉంటాను, ఇప్పటికి నాలుగుసార్లు ఇటలీకి కారులో వెళ్ళాను. ఎవరి పక్షమూ కాదు, తెలిసినవి చెబుతాను.

ఆ గుండ్రటి బోర్డును జెడ్‌టీఎల్ అంటారు, అంటే అనుమతి ఉన్న బండ్లకే ప్రవేశం. వెలిగే బోర్డు మీద "వార్కో అత్తివో" అని ఉంటే కెమెరా పని చేస్తోందని అర్థం. మధ్యలో "నోన్" అని ఉంటే వెళ్ళొచ్చు. చాలామంది "అత్తివో" అన్న మాటను తలకిందులుగా అర్థం చేసుకుని ఇరుక్కుంటారు. పాత ఊరి లోపల హోటల్ తీసుకుంటే ముందే ఫోన్ చేసి కారు నంబరు ఇవ్వాలి, చాలా హోటళ్ళు దాన్ని మునిసిపాలిటీలో నమోదు చేయిస్తాయి. ఎన్ని కెమెరాలు దాటితే అన్ని ఫైన్లు. నోటీసు చేతికందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది. విదేశీయులకు సంవత్సరం దగ్గరపడ్డాక కూడా నోటీసు రావచ్చు.

పార్కింగ్‌లో తెల్లగీతలు ఉచితం, నీలిగీతలకు డబ్బు కట్టాలి, పసుపుగీతలు మనకు కాదు. హైవే టోల్ దగ్గర పసుపు లైన్‌లోకి వెళ్ళకండి, అది ట్యాగ్ ఉన్నవాళ్ళకు. పెట్రోల్ బంకులో "సెర్వీతో" అని రాసిన చోట వాళ్ళే పోస్తారు, రేటు ఎక్కువ. "గజోలియో" అంటే డీజిల్. ఆ పేరు విని పెట్రోల్ అనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పకుండా తెచ్చుకోవాలి, ఆర్టీవో దగ్గర ఏడాదికి ఇస్తారు. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు డ్రైవరు పేరు మీదే ఉండాలి. మన ఊళ్ళో స్కూటరు నడిపినంత ధైర్యంగా మాన్యువల్ కారు తీసుకోవద్దు. ఆటోమేటిక్‌కు ఎక్కువే పడుతుంది, అయినా ఆ డబ్బు ఇంటికి చేరేదాకా నెమ్మదినిస్తుంది. ఇక్కడ జర్మనీలో ఉన్న తమ్ముళ్ళకు ఇంకో మాట: మన లైసెన్స్ ఇక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత ఇక్కడిది తెచ్చుకోకుండా బండి ఎక్కకండి.

పాతికేళ్ళ బడి

అమ్మా కృష్ణాతీరం, నేను నీ వైపే. రిటైరయ్యాక మా ఆవిడా నేనూ వెళ్ళాం. ఆవిడకు మోకాళ్ళ నొప్పి, నాకు రాత్రిపూట డ్రైవింగ్ కుదరదు. రోమ్‌లో రైలెక్కితే గంటా పావుకల్లా ఓర్వియెతో. స్టేషను గుట్ట కింద ఉంటుంది, స్టేషను ఎదురుగానే తాడుతో లాగే పెట్టెబండి ఎక్కితే నిమిషాల్లో పైకి చేరుస్తుంది. దిగిన చోటికి నాలుగు అడుగుల్లోనే సాన్ పాత్రీత్సియో బావి. నువ్వు వెళ్ళావన్నావు, చూశావో లేదో తెలీదు కాబట్టి రాస్తున్నాను.

1527లో సైన్యాలు రోమ్ నగరాన్ని దోచుకున్నప్పుడు పోప్ ఏడవ క్లెమెంట్ తప్పించుకుని ఈ గుట్ట మీద తలదాచుకున్నాడు. శత్రువు చుట్టుముడితే నీళ్ళకు కటకట అవుతుందని ఈ బావి తవ్వించాడు. 50 మీటర్లకు పైనే లోతు. గొప్పంతా మెట్లలో ఉంది. బావి చుట్టూ రెండు మెట్లదారులు ఒకదాని మీద ఒకటి మెలేసుకుని దిగుతాయి. ఒక్కో దారికి 248 మెట్లు. నీళ్ళకు వెళ్ళే కంచరగాడిదలు ఒక దారిలో దిగి, అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిలో ఎక్కేవి. ఎదురెదురు పడేవి కావు. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్నాయి, గాడిద కాలికి తగ్గట్టు.

మా ఆవిడ పైనే ఉంటానంది. నేను దిగుతూ ఒక్కో కిటికీ దగ్గర ఆగి పైకి చూస్తే ఆ గుండ్రటి వెలుతురులో ఆవిడ తల చిన్నదవుతూ కనిపించింది. అడుగు నుంచి పేరు పెట్టి పిలిచాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను ఆవిడను పేరు పెట్టి పిలిచింది తక్కువ.

రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక కెథీడ్రల్ మెట్ల ఎదురుగా ఉన్న రాతిబెంచీ మీద కూర్చుంటే ముఖద్వారం మీది బంగారు మొజాయిక్‌లు పడమటి ఎండకు మెరుస్తున్నాయి. పక్కనే ఆ ఊరి ముసలాళ్ళు. కారుంటే మేం ఆ వేళకు తర్వాతి ఊరి దారిలో ఉండేవాళ్ళం.

ఓరుగల్లు కోట

మీరంతా మన సౌకర్యం గురించే మాట్లాడుతున్నారు. ఆ ఊళ్ళ వైపు నుంచి చూద్దాం. నేను కట్టడాల పరిరక్షణ చదువుకున్నాను కాబట్టి నాకు ముందు అదే కనిపిస్తుంది.

ఆ సందులు గాడిద, దాని మీది రెండు బుట్టలు పట్టేంత వెడల్పున కట్టినవి. సియెనా వాళ్ళు 1960లలోనే ఊరి నడిబొడ్డున కార్లు ఆపేశారు. జెడ్‌టీఎల్‌ను వల అనుకోకండి, ఆ కూడలిలో మీరు నేల మీద కూర్చోగలిగారంటే దానివల్లే. చివితా ది బాన్యోరెజో చూడండి. చుట్టూ గుట్ట కోసుకుపోయి ఇప్పుడు పొడుగాటి కాలివంతెన ఒక్కటే దారి, కారు పోయే వీలే లేదు, ప్రవేశానికి 5 యూరోలు తీసుకుంటున్నారు. ఏడాది పొడుగునా అక్కడ కాపురముండేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పగలు జనం కిటకిట, రాత్రి దీపాలు నాలుగు.

కారులో వచ్చి రెండు గంటలుండి, ఒక ఐస్‌క్రీం తిని వెళ్ళిపోయే మనిషి ఆ ఊరికి చెత్త తప్ప ఏం మిగిల్చాడు? అక్కడ పడుకుని, పొద్దున బేకరీలో రొట్టె కొంటే ఆ బేకరీ నిలబడుతుంది. కాబట్టి నా ఓటు రాత్రి బసకు. కారుంటే ఆ రాత్రి ఉండాలనిపించదు, నేను చూసిన జంటల్లో ఎక్కువమంది అంతే.

గోదారిగట్టు

ఓరుగల్లు కోట గారూ, జెడ్‌టీఎల్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కారు గోడ బయటే పెట్టాలి. మేం అన్నిచోట్లా కిందే పెట్టి నడిచాం.

మిగతాది మాత్రం ఒప్పుకోను. రైలు పట్టాలు ఉన్నచోటికే అందరూ వెళ్తే ఏమవుతుంది? ఫ్లోరెన్స్, రోమ్, వెనిస్ మీదే పడతారు. వెనిస్‌లో 2024 నుంచి రద్దీ రోజుల్లో పగటి యాత్రికుల దగ్గర ప్రవేశరుసుము తీసుకుంటున్నారు, అక్కడికి చాలామంది వచ్చేది రైలు దిగే కదా. సొరానోలో మేం మూడు రాత్రులున్నాం. మేం దిగిన ఇంటి యజమానురాలు నడిపే రెండు గదుల బసకు వచ్చేవాళ్ళంతా కారులో వచ్చేవాళ్ళే. కారు కాకపోతే మిగిలింది బస్సే, అది బడిపిల్లల వేళలకు నడుస్తుంది. ఆదివారం దాన్ని నమ్ముకుంటే అంతే. కారు వద్దంటే ఆవిడ గదులు ఖాళీగా ఉంటాయి. నేను చూసిందే చెబుతున్నాను.

పాతికేళ్ళ బడి

అది నేను ఆలోచించలేదు బాబూ. మాకు పట్టాలు ఉన్న ఊరే ఊరైంది. నా వయసులో ఇంకో దారి లేదు కానీ, పడుచువాళ్ళకు నా సలహా అలాగే అంటగట్టడం సరికాదేమో. బసచేయాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కృష్ణాతీరం

కింద రాసింది నేను కాదు, మావారు. ఆయన మాటలు ఆయననే రాయనిస్తున్నాను.

నమస్తే అండీ. నేను ఆ చెట్లు చూడలేదన్నది నిజం. ఫైను నా పొరపాటే, బోర్డు దగ్గర ఆగాల్సింది. కానీ నాకు గుర్తున్న రోజు వేరే. పియెన్జా నుంచి బాన్యో విన్యోనీకి వెళ్తున్నాం. ఆ ఊళ్ళో చౌరస్తా ఉండాల్సిన చోట పెద్ద రాతితొట్టి, దాన్నిండా భూమిలోంచి ఊరే వేడినీళ్ళు. దాన్ని చూడాలని బయల్దేరాం. దారిలో ఒక్కసారిగా వాన. వైపర్లు ఆగడంలేదు, ముందు రోడ్డు కనిపించడంలేదు. పొలం గట్టు పక్కన ఖాళీ చూసి ఆపేశాను. ఇంజను ఆపాను. పియెన్జాలో కొన్న గొర్రెపాల జున్ను, రొట్టె ఉన్నాయి. తను హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డబ్బాలో తెచ్చిన నల్లకారం తీసింది. నలభై నిమిషాలు వాన పడింది. పిల్లలు పుట్టాక మేం ఇద్దరమే అంతసేపు మాట్లాడుకున్నది అదే. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి, బయట ఏమీ కనిపించలేదు. రైల్లో ఉంటే అది జరిగేది కాదు. అందుకే కారు వద్దంటే నాకు మనసొప్పదు.

నెకర్ ఒడ్డున

అన్నా, పియెన్జాలో ప్రేమవీధి, ముద్దువీధి అని రెండు సందులున్నాయి, చూశారా? 1459 నుంచి రెండవ పయస్ పోప్ తను పుట్టిన కోర్సిన్యానో అనే పల్లెను కొత్త ఊరుగా తిరిగి కట్టించి తన పేరు పెట్టుకున్నాడు, అదే పియెన్జా. ఆ సందులు కోటగోడ మీదికి వెళ్తాయి. వాటిలోకి ఏ కారూ పట్టదు. కారు బయటపెట్టి నడిచినవాళ్ళకే దొరుకుతాయి.

కృష్ణాతీరం

ఇప్పుడు నేనే. నల్లకారం డబ్బా నాకూ గుర్తుంది, వాన కూడా. మొదటి పోస్టులో రాయాల్సింది, రాయలేదు. ఫైన్ల కోపంలో ఉన్నాను.

వద్దన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడంలేదు. వచ్చే ఏప్రిల్‌కు మేం అనుకుంటున్నది చెబుతాను. బారీలో దిగి చిన్నలైను రైల్లో మతేరా వెళ్ళి నాలుగు రాత్రులు అక్కడే. ఒకప్పుడు గుహల్లో కాపురాలున్న ఊరు. 1952లో ప్రభుత్వం చట్టం చేసి దాదాపు 15,000 మందిని ఆ గుహల నుంచి ఖాళీ చేయించింది, 1993లో అదే చోటు యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ కారు పనికిరాదని ఆయనా ఒప్పుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు కారు, ఆల్బెరొబెల్లో చుట్టుపక్కల పల్లెలకు. ఈసారి నేనూ పర్మిట్‌కు అప్లై చేశాను, ఆటోమేటిక్ అయితే నడుపుతానని చెప్పాను.

తేలనిది ఒకటుంది. ఆల్బెరొబెల్లోలో మధ్యలో గార పెట్టకుండా ఒట్టి రాళ్ళు పేర్చి కట్టిన శంఖాకారపు కప్పుల ఇళ్ళున్నాయి, త్రుల్లి అంటారు. రాత్రి వాటిలోనే ఉండమంటారా, లేక పొలాల్లో విడిగా ఉన్న అలాంటి ఇల్లు ఏదైనా తీసుకుని ఊరికి పొద్దున్నే నడిచి వెళ్ళమంటారా? ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి. అక్కడా జెడ్‌టీఎల్ ఉందని విన్నాను, కారు ఎక్కడ పెట్టారో కూడా రాయండి.