పొదుపు సంఘం అప్పు తీసి గొలుసుకట్టు వ్యాపారంలో చేరమంటున్నారు. చేరవచ్చా?

ప్రశ్న: నరసన్నపేట నుంచి ఒక గృహిణి

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను, మావారు ఆటో నడుపుతారు. విజయనగరంలో ఉంటున్న మా పెద్దాడపడుచుగారు ఇటీవల ఒక డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణాలు లేకుండా సభ్యుల ద్వారానే సరుకు అమ్మే) కంపెనీలో చేరి, నన్ను కూడా తన కింద చేరమని పట్టుబడుతున్నారు. చేరడానికి రుసుమేమీ లేదట, అయితే పన్నెండు వేల రూపాయల సరుకు కొంటేనే ఐడీ, అంటే సభ్యత్వ నంబరు, యాక్టివ్ అవుతుందట. ఆ సరుకంటే ఒక ప్రొటీన్ పొడి డబ్బా, నాలుగు టూత్‌పేస్టులు, సబ్బులు, ముఖానికి రాసుకునే క్రీము, మోకాళ్ల నొప్పులకని చెప్పే ఒక నూనె సీసా. అంత డబ్బు నా దగ్గర లేదంటే, డ్వాక్రా సంఘంలో అంతర్గత అప్పు తీసుకోమని, మూడు నెలల్లో కమీషన్‌తోనే తీరిపోతుందని అంటున్నారు.

ఒక ఆదివారం నన్ను కల్యాణ మండపంలో జరిగిన మీటింగుకు తీసుకెళ్లారు. టై కట్టుకున్న ఒకాయన బోర్డు మీద ఒక సున్నా గీసి అది మీరు అన్నారు, దాని కింద ఆరు సున్నాలు గీశారు, ఒక్కొక్క దాని కింద మళ్లీ ఆరేసి గీసుకుంటూ పోయారు. కార్ల ఫొటోలు, విదేశీ యాత్రల ఫొటోలు చూపించారు. మా ఊళ్లో ఇంత ఖరీదు పేస్టు ఎవరు కొంటారని నేను అడిగితే, నెగెటివ్‌గా మాట్లాడేవాళ్లకు దూరంగా ఉండాలని సభకంతటికీ చెప్పారే తప్ప నాకు జవాబు చెప్పలేదు. ఇది చట్టబద్ధమేనా? అప్పు తీసి పెట్టవచ్చా? వద్దంటే ఆడపడుచుగారితో మాట పట్టింపు వస్తుందని మావారు భయపడుతున్నారు.

జవాబు 1: ఆమదాలవలస నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

అమ్మా, ఆయన బోర్డు మీద మూడు వరుసలు గీసి ఆపారు కదా, నాలుగో వరుస నుంచి మనం గీద్దాం. మొదటి వరుసలో 6, తరువాత 36, 216, 1,296, 7,776, 46,656, 2,79,936, ఎనిమిదో వరుసలో 16,79,616 మంది కావాలి. తొమ్మిదో వరుసకు కోటి దాటుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి శ్రీకాకుళం జిల్లాలో సుమారు 27 లక్షలు, విజయనగరం జిల్లాలో సుమారు 23 లక్షల మంది ఉన్నారు. పాలు తాగే పిల్లల్ని కూడా కలుపుకుని రెండు జిల్లాలనూ చేర్పించినా ఆ తొమ్మిదో వరుసలో సగమే నిండుతుంది.

జనం చాలకపోవడం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మనిషికి ఆరుగురు చొప్పున పెరిగే గొలుసు ఏ వరుస దగ్గర ఆగిపోయినా, అప్పటిదాకా చేరిన ప్రతి ఆరుగురిలో ఇంచుమించు ఐదుగురు అట్టడుగు వరుసలోనే ఉంటారు. అంటే వారి కింద ఒక్కరూ ఉండరు, సరుకు కొన్న ఖర్చు మాత్రం వారిదే. కష్టపడితే పైకి వస్తారన్న మాటకు ఈ లెక్కలో చోటు లేదు, ఎందుకంటే అందరూ సమానంగా కష్టపడినా ఆ ఐదుగురు ఐదుగురుగానే మిగులుతారు.

మరొక చిన్న పని చేయండి. ప్రొటీన్ పొడి డబ్బా మీద బరువు ఎంత రాసి ఉందో చూసి, కిలో ఎంత పడిందో లెక్కగట్టి, నరసన్నపేట మందుల షాపులో అటువంటి పొడి కిలో ధరతో సరిచూడండి. ఆ తేడాలోంచే పై వరుసలవారి కమీషన్లు రావాలి.

జవాబు 2: విజయనగరం నుంచి ఒక డైరెక్ట్ సెల్లర్

నేను కొన్నేళ్లుగా ఈ రంగంలోనే ఉన్నాను గనుక నా మాట కూడా వినండి. ఈ రంగం మొత్తం మోసమని అనడం న్యాయం కాదు. నాకు కంటోన్మెంట్ ప్రాంతంలో నెలనెలా సబ్బులు, ఫినాయిలు తీసుకునే ఇళ్లు ఉన్నాయి, వారిలో ఎవరినీ నేను చేరమని అడగలేదు. నెలకు మిగిలేది ఇంటి కరెంటు బిల్లుకు, పాల ఖర్చుకు సరిపోతుంది, అంతకు మించి ఎవరికీ నేను ఆశ చూపించను. మాస్టారి లెక్క కాగితం మీద సరైనదే కానీ, నిజంగా ఏ గొలుసూ అలా పెరగదు, సగం మంది మధ్యలోనే మానేస్తారు.

అయితే మీటింగులో కారు ఫొటోలు చూపించి, సరుకు ఎవరు కొంటారన్న ప్రశ్నకు జవాబు చెప్పని మనిషి కింద చేరమని నేను మాత్రం చెప్పను.

జవాబు 1 రాసిన ఉపాధ్యాయుడు

సగం మంది మానేస్తారని మీరే చెప్పారు, సంతోషం. వారు మానేసినప్పుడు కొన్న సరుకు బీరువాలో ఉంటుంది, దాని మీద కమీషన్ అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటుంది. ఆ ఖాళీల్లో కొత్తవారిని చేర్చవలసి వస్తుంది. మీరు ఇళ్లకు సబ్బులు అమ్మడం వేరు, అది వ్యాపారమే.

జవాబు 3: శ్రీకాకుళం నుంచి ఒక న్యాయవాది

డైరెక్ట్ సెల్లింగ్ దానంతట అది నేరం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దానిని గుర్తించింది, ఆ చట్టం కింద 2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. అవే నియమాలు పిరమిడ్ పథకాలనూ, మనీ సర్క్యులేషన్ పథకాలనూ (కొత్త సభ్యులు చేరితే డబ్బు వస్తుందని ఆశపెట్టేవి) నిషేధించాయి. మనిషిని చేర్పించినందుకు లాభం వస్తే అది పిరమిడ్, వస్తువు అమ్మినందుకు వస్తే అది వ్యాపారం. పుస్తకంలో గీత ఇంత స్పష్టంగా ఉన్నా, చేరిన మనిషి కొన్న సరుకునే అమ్మకంగా చూపించే చోట అది చెరిగిపోతుంది. మీ ఆడపడుచుగారు చెప్పిన పన్నెండు వేల షరతు సరిగ్గా అక్కడిదే. చేరడానికి రుసుము ఉండకూడదని 2016లోనే కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. రుసుమనే మాట తీసేసి సరుకనే మాట పెట్టినంత మాత్రాన చేరేవారి జేబులోంచి పోయే డబ్బు తగ్గదు.

ఈ వివాదం మన రాష్ట్రానికి కొత్తది కాదు. 2006లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ పోలీసులు ఆమ్‌వే అనే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ మీద చర్య తీసుకుంటే ఆ కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. మేము వస్తువులు అమ్ముతున్నాము కనుక 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం మాకు వర్తించదని వాదించింది. 2007లో హైకోర్టు ఆ వాదనను అంగీకరించకుండా, ఆ పథకం మనీ సర్క్యులేషన్ నిర్వచనంలోకి వస్తుందని చెప్పింది. 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ భారత విభాగం అధిపతినే అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ), మల్టీలెవల్ మార్కెటింగ్ (గొలుసుకట్టు వ్యాపారం) ముసుగులో పిరమిడ్ మోసం జరుగుతోందని ఆరోపిస్తూ ఆ కంపెనీకి చెందిన సుమారు 757 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసింది. అదే కంపెనీ విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే అది పిరమిడ్ కాదని తేల్చింది, అయితే ఆదాయం గురించి గొప్పలు చెప్పడాన్ని తప్పుపట్టింది. ఒకే వ్యాపారాన్ని రెండు దేశాలు రెండు విధాలుగా చూశాయి కాబట్టి, మీటింగుల్లో వీరు అమెరికా తీర్పును చూపిస్తారు, మన హైకోర్టు తీర్పును చూపించరు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. 1978 చట్టంలోని మూడో సెక్షను పథకం నడిపేవారినే కాదు, అందులో సభ్యులుగా చేరేవారినీ, ఇతరత్రా పాల్గొనేవారినీ, ఆ డబ్బు తీసుకునేవారినీ నిషేధిస్తుంది. శిక్ష మూడేళ్ల జైలు దాకా ఉంది. పోలీసులు సాధారణంగా అట్టడుగు సభ్యులను బాధితులుగానే చూస్తారు, కానీ మీరు పదిమందిని చేర్పించి కమీషన్ తీసుకున్నాక, వారిలో ఒకరు స్టేషనుకు వెళితే ఫిర్యాదులో ముందుగా కనిపించేది కంపెనీ డైరెక్టరు పేరు కాదు, మీ పేరే.

చేరకముందే మూడు అడగండి: కంపెనీతో రాతపూర్వక ఒప్పందం, సరుకు తిరిగి ఇచ్చి డబ్బు వెనక్కు తీసుకునే గడువు, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు. ఇవి ఇవ్వనివారి గురించి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

జవాబు 4: చీపురుపల్లి నుంచి ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు

చట్టం సంగతి వకీలుగారు చెప్పారు, అప్పు సంగతి నేను చెబుతాను. మా సమాఖ్యలో కుట్టు మిషనుకో, ఆవుకో, పిల్లల ఫీజుకో అప్పు ఇస్తాము. గొలుసు స్కీముకని చెబితే సంఘం తీర్మానం చేయదు, ఇంకొక అవసరమని చెప్పి తీసుకుంటే రేపు వాయిదా ఆగినప్పుడు మిగతా సభ్యుల ముందు తల దించుకోవలసింది మీరే. ఒకరి వాయిదా ఆగితే సంఘం మొత్తానికి బ్యాంకు లింకేజీలో, అంటే బ్యాంకు ఇచ్చే అప్పులో, ఇబ్బంది వస్తుంది.

అగ్రిగోల్డ్ కంపెనీ ఈ గొలుసు వ్యాపారం లాంటిది కాదు, అది డిపాజిట్ల వ్యవహారం. అయినా 2014, 2015 నాటికి అది కుప్పకూలినప్పుడు మా ఊళ్లో జనం తలుపు తట్టింది కంపెనీ ఆఫీసును కాదు, డబ్బు కట్టించిన మేనమామలనూ, పిన్నులనూ. ఏజెంట్లుగా తిరిగినవారూ తమ డబ్బు పోగొట్టుకున్నవారే. చుట్టరికం మీద నడిచే ఏ స్కీములోనైనా నష్టం కూడా చుట్టరికం మీదే పడుతుంది.

ఇక మీ ఆడపడుచుగారికి, "వదినా, మీ దగ్గర రెండు సబ్బులు కొంటాను, చేరను, ఎవరినీ చేర్చను" అని మీరే చెప్పండి, మీవారి చేత చెప్పించవద్దు. అక్కాతమ్ముళ్ల మధ్యకు వెళితే మాట పెరుగుతుంది.

ప్రశ్న అడిగిన గృహిణి

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఫోనులో వదినగారిని, మీ కింద కొన్నవాళ్లలో చేరకుండా సరుకు మాత్రం కొన్నవాళ్లు ఎందరని అడిగాను. ఎవరూ లేరన్నారు. తన ఐడీ కాక అన్నయ్యగారి పేరిట ఒకటి, లెవెల్ పడిపోకుండా ఉండటానికి మా అత్తగారి పేరిట ఇంకొకటి తీశారట. అత్తగారిని అడిగితే, పెన్షను పని అంటే ఆధార్ ఇచ్చానే తప్ప ఇంకేమీ తెలియదని అన్నారు. వకీలుగారూ, ఆ ఐడీ విషయంలో ఏం చేయాలి?

జవాబు 3 రాసిన న్యాయవాది

మీ అత్తగారి సంతకంతో, ఆ ఐడీ తన అనుమతి లేకుండా తీసినదని, దానిని రద్దు చేసి ఒప్పందం ప్రతి పంపాలని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయించండి, రసీదు జాగ్రత్త చేయండి. ఆ ఐడీకి ఏ బ్యాంకు ఖాతా జోడించారో కూడా కనుక్కోండి. మీ అత్తగారి పెన్షను ఖాతాయే అయితే ఉత్తరం కంటే ముందు బ్యాంకుకు వెళ్లి, ఈ కంపెనీ నుంచి ఏమైనా జమలు వచ్చాయేమో పాసుబుక్కులో ఎంట్రీ వేయించి చూడండి.