ఫ్యామిలీ ప్యాకా, విడి టికెట్లా? లెక్క తేలట్లేదు

ఇద్దరుపిల్లలతల్లి: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య కలిసి వాటర్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. లెక్క కోసం పెద్దల టికెట్ 100 అనుకోండి, పిల్లలకి అందులో సగం. నలుగురి ఫ్యామిలీ ప్యాక్‌కి 25 శాతం తగ్గింపు, పైన నా కార్డుకి ఇంకో 10. మొత్తం 35 పోతుందని మా ఆయన తేల్చేశారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది.

లెక్కలపిచ్చి: 35 కాదండీ, 32.5. 25 పోయాక మిగిలిన 75 మీదే ఆ 10 శాతం పడుతుంది. అది సరే గానీ, 25 శాతం దేని మీదో చూశారా? నలుగురికీ పెద్దల రేటు కట్టి 400లో 25 శాతం తీస్తే 300. విడిగా కొన్నా 100, 100, 50, 50, అదే 300! ఇంక ప్యాక్ ఎందుకు?

ఇద్దరుపిల్లలతల్లి: చూశాను, కింద చిన్న అక్షరాల్లో 'పెద్దల ధరపై' అని ఉంది 😤 అత్తయ్యకి సీనియర్ల రేటు 70, అంటే మొత్తం 370. కార్డు తగ్గింపు గరిష్ఠంగా 25 అట.

కౌంటర్‌దగ్గరే: ఆన్‌లైన్లో టికెట్‌కి ఇంత అని ఫీజు వేస్తారు, చివరి పేజీ దాకా వెళ్తే గానీ కనపడదు. ఒక్కోదానికి 6 వేసుకున్నా ఐదింటికి 30, మీ కార్డు మిగిల్చే 25 దానికే చాలదు. ఇంకోటి, అత్తయ్యగారి ఐడీ ఒరిజినల్ పట్టుకెళ్లండి. మా అమ్మది ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదన్నారు, వెనకాల పెద్ద క్యూ, చేసేదిలేక పూర్తి ధర కట్టాం.

ఇద్దరుపిల్లలతల్లి: ఇప్పుడే చూశా, వారం మధ్యలో వెళ్తే 'మూడు కొంటే ఒకటి ఉచితం' ఉంది, కౌంటర్లోనే.

లెక్కలపిచ్చి: మామూలుగా అన్నిటికంటే చవకదే ఉచితం చేస్తారు, అంటే పిల్లల టికెట్. మీ నలుగురికీ 300లో 50 పోతే 250. అత్తయ్యగారిది వేరే బిల్లు చేయించండి, ఎందుకంటే ఒకే బిల్లు మీద రెండు ఆఫర్లు చాలాచోట్ల ఇవ్వరు. 250, 70 కలిపి 320.

మూటాముల్లె: లాకరు, పార్కింగు, ఈత బట్టల అద్దె కూడా రాసుకోండి. పోయినసారి మాకు టికెట్లలో మిగిలిందంతా బట్టల అద్దెకే పోయింది, ఇంట్లో ఉన్నవి తీసుకెళ్లడం మర్చిపోయి.

ఇద్దరుపిల్లలతల్లి: బట్టలు ఉన్నాయి, బతికాం. రెండు బిల్లులు చేస్తారో లేదో రేపు ఫోన్ చేసి అడుగుతా. 35 శాతం అన్న మనిషిని పిలిచి ఇదంతా చూపించా, ఫోన్ చార్జర్ ఎక్కడుందని అడుగుతున్నారు.